నీ వంతు కూడా మేం పాడతాం

మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాత సంఘాల్లో పెద్దవాళ్ల చేతిసంచిలో బైబిలు పక్కనే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంటుంది. చాలా కీర్తనల పైన రాగం, తాళం పేర్లు వేస్తారు గానీ స్వరాలు వేయరు. బాణీ కావాలంటే తెలిసినవాళ్ల పక్కన కూర్చుని వినాల్సిందే. డిప్రెషన్‌తో మంచం పట్టిన ఏడాది నాకు ఈ పద్ధతి విలువ తెలిసింది.

తెల్లారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది. ఇక పడుకున్నా నిద్ర పట్టేది కాదు. అన్నం ముద్ద గొంతు దిగేది కాదు. ప్రార్థనకు మోకరిస్తే ఒక్క మాటా వచ్చేది కాదు. చిన్నప్పటి నుంచి ప్రార్థిస్తూ పెరిగిన నాకు అది ఎంత భయమో చెప్పలేను. విశ్వాసం తగ్గిందని కొందరన్నారు, ఉపవాసం పట్టమని ఇంకొందరన్నారు. నా మేలు కోరే అన్నారు. కానీ అప్పటికే తిండి మానేసిన మనిషికి ఉపవాసం చెప్పడమేమిటి?

ఏలీయాకు దేవుడు అలా చెప్పలేదు. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం చూడండి. అరణ్యంలో చెట్టు కింద కూలబడి తన ప్రాణం తీసెయ్యమని వేడుకున్న ప్రవక్త దగ్గరికి దూత వచ్చాడు. విశ్వాసం ఏమైందని నిలదీయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించి లేచి తినమన్నాడు. ఏలీయా తిని మళ్లీ పడుకుంటే, రెండోసారి వచ్చి మళ్లీ తినమన్నాడు. అంతే.

మా మహిళా కూడిక పెద్దమ్మ ఆ అధ్యాయం ఎన్నిసార్లు చదివిందో గానీ, మా ఇంటికొచ్చి సరిగ్గా అదే చేసింది. నలుగురిని వెంటబెట్టుకుని, స్టీలు టిఫిన్‌లో చోడి అంబలి పట్టుకుని వచ్చింది. ‘‘ఏటే తల్లీ, ముందు ఇది తాగు. నువ్వేటీ పాడొద్దు. గోడకి జేరబడి కూకో. నీ వంతు కూడా మేం పాడతాం’’ అంది. నేను సగం గ్లాసు తాగేదాకా పుస్తకం తెరవలేదు. తర్వాత మోకాలి మీద అరచేత్తో తాళం వేస్తూ ‘త్రాహిమాం క్రీస్తునాథ’ ఎత్తుకుంది.

ఆ కీర్తన రాసిన పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టారు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. 1890లో కన్నుమూశారు. మరో దిక్కు లేని మనిషి పెట్టుకున్న మొర ఆ పాట. సంతోషం వచ్చేదాకా ఆగి పాడాల్సింది కాదు. మునిగిపోతున్నప్పుడే పాడేది. నా నోరు పెగలకపోయినా నా మొర దేవుడి ముందుకు వెళ్తోందని ఆ సాయంత్రం నమ్మకం కుదిరింది. నాకు ఆశ అంటే అదే. బాగైపోతాననే ధైర్యం అప్పటికింకా రాలేదు.

మందులూ వాడాను. అవి పట్టడానికి కొన్ని వారాలు పడుతుందని డాక్టర్ ముందే చెప్పారు. మాత్ర మింగుతున్నా ఏ మార్పూ కనబడని ఆ వారాలే అన్నిటికంటే కష్టం. ప్రతి శుక్రవారం వాళ్లు రావడం వల్లే వాటిని దాటాను. ఒక శుక్రవారం పెద్దమ్మ చరణాన్ని మరీ లాగదీసి పాడుతుంటే నాకు చిరాకేసింది. ఎన్నో నెలలుగా దేనికీ కదలని మనసు పాట కాలం తప్పిందని విసుక్కుంది! డాక్టర్‌కి చెబితే ఆయన నవ్వి, మంచి గుర్తే అన్నారు.

మన ప్రాంతంలో సువార్త, వైద్యం ఎప్పుడూ విడివిడిగా లేవు. సాలూరులో కుష్ఠు రోగుల ఆసుపత్రి నడిపింది మిషన్ వాళ్లే. సోంపేట ఆరోగ్యవరంలో కెనడా నుంచి వచ్చిన డాక్టర్ బెన్ గల్లిసన్ కంటి ఆపరేషన్లు చేశారు. ఆ పనికి చేయూతగా 1963లో కాల్గరీలో మొదలైనదే ఆపరేషన్ ఐసైట్ సంస్థ. కంట్లో శుక్లం వచ్చినవాళ్లను విశ్వాసం లేక చూపు పోయిందని ఎవరూ అనలేదు. ప్రార్థించారు, ఆపరేషనూ చేశారు. మనసు జబ్బు పడ్డప్పుడు మాత్రం మందు అక్కర్లేదని ఎందుకంటాం?

ఇప్పుడు పెద్దమ్మతో నేనూ ఇళ్లకు వెళ్తున్నాను. వెళ్లిన చోట ఆరాలు తీయం, సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టం. మందులు మానేశామని ఎవరైనా అంటే డాక్టర్ దగ్గరికి తోడు వెళ్తాం. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట వింటే ఆ మనిషిని ఒంటరిగా వదలం. అక్కడే కూర్చుని 14416కి ఫోన్ చేస్తాం. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత సేవ. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

సంఘ కాపరులకు ఒక విన్నపం. ఈ ఆదివారం బైబిల్లోని 88వ కీర్తన చదివించండి. అది చీకటిలోనే ముగుస్తుంది. దాని వెనకే ఉత్సాహ కీర్తన జోడించకండి. వెనక బెంచీలో నాలాంటివాళ్లు ఉండొచ్చు. ప్రకటనలు చదివేటప్పుడు ఆ ఫోన్ నంబరు కూడా రెండుసార్లు నెమ్మదిగా చదవండి, రాసుకోవడానికి వీలుగా.