వేదనకు అర్థం: విక్టర్ ఫ్రాంకల్ గ్రంథంపై ఒక పరిశీలన

వియన్నా నగరానికి చెందిన మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ (1905–1997) తన నిర్బంధ శిబిర అనుభవాలను 1946లో గ్రంథంగా ప్రచురించాడు. 'మాన్స్ సెర్చ్ ఫర్ మీనింగ్' అనే ఆంగ్ల నామంతో అది లోకమంతటా వ్యాపించింది. యూదుడైనందుకు నాజీలు ఆయనను 1942లో తెరేజిన్‌స్టాట్‌కు, 1944లో ఆష్విట్జ్‌కు, అక్కడినుండి డాకౌ పరిధిలోని ఉపశిబిరాలకు తరలించారు. తల్లిదండ్రులను, సోదరుణ్ణి, భార్యను ఆయన కోల్పోయాడు.

పరిస్థితి ఎంత క్రూరమైనదైనా దాని ఎదుట ఎలా నిలవాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ మనిషికి మిగిలే ఉంటుందన్నది గ్రంథసారం. చీకటి ఉండగానే, గడ్డకట్టే చలిలో పనికి నడుస్తూ ఆయన భార్యను తలచుకునే ఘట్టం ఇందుకు తార్కాణం. ఆమె బతికి ఉందో లేదో ఆయనకు తెలియదు. అయినా ఆ తలపే ఆయనను నిలబెట్టింది. ఇది ఒక మనిషి స్వయంగా చెప్పిన సాక్ష్యం. దీనిని ఎవరూ కాదనలేరు.

సాక్ష్యాన్ని సూత్రంగా మార్చినప్పుడే చిక్కు వస్తుంది. 1945 మార్చి 30న విముక్తి లభిస్తుందని కలగన్న ఒక ఖైదీ, ఆ రోజు రాగా ఆశ చెదిరి, మరునాడే మరణించాడని ఫ్రాంకల్ వ్రాశాడు. నిరాశ అతని దేహంలోని నిరోధక శక్తిని కుంగదీసిందని ఆయన వివరణ. కాని అతనికి సోకింది టైఫస్ జ్వరం. ఆకలి, చలి, పేలు, రోగం రాజ్యమేలే చోట ఒక్క ఉదంతంతో అంతటి నిర్ణయానికి రావచ్చునా?

సాహిత్య విమర్శకుడు లారెన్స్ లాంగర్ 1982లోనే ఈ ధోరణిని ఆక్షేపించాడు. ఫ్రాంకల్ ఆష్విట్జ్‌లో గడిపింది కొద్ది రోజులేనని, గ్రంథం చదివినవారికి ఆ సంగతి స్పష్టంగా తెలియదని చరిత్రకారుడు తిమొతీ పైటెల్ ఎత్తిచూపాడు. ఇందువల్ల ఆయన పడిన బాధ తక్కువైపోదు; ఆ బాధ నుండి తీసిన సిద్ధాంతాన్ని మాత్రం జాగ్రత్తగా తూచవలసి ఉంటుంది. ఆయన భార్య బెర్గెన్-బెల్సెన్‌లో మరణించింది. ఆమెకు జీవితంలో అర్థం కొరవడిందని ఎవరనగలరు? తమలో ఉత్తములైనవారు తిరిగి రాలేదని ఫ్రాంకల్ స్వయంగా అంగీకరించాడు. ఆయన అభిమానులు తరచు మరచే మాట ఇదే.

సహనమంటే దుఃఖం లేకపోవడం కాదని 'యూసుఫ్' సూరా చదివినవారికి తెలుసు. కుమారుని ఎడబాటుకు హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) చూపు పోయేంతగా దుఃఖించారు, సహనాన్నీ వీడలేదు. కనుక ఈ గ్రంథాన్ని చదవవలసిందే. అయితే బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు దీనిని తెరచి, 'ఇందులో అర్థం వెతుక్కో' అనే హక్కు మనకు లేదు. తన వేదనకు అర్థం చెప్పవలసింది ఆమె. అంతవరకు ఆమె పక్కన కూర్చుని వినడమే మన బాధ్యత.