కొట్టివేసిన కనుమలు

కనుమనాడు కాకియైనను కదలదని మనవారి సామెత. ఆనాడు ఊరు దాటరాదను ఆచారమును మా అత్తవారింట నేటికిని పాటించుచున్నారు గనుక, మొన్నటి సంక్రాంతికి అక్కడ మినపగారెలు తిని, కదలక మెదలక పెరటి అరుగుమీద కూర్చున్న నేను, ప్రొద్దుపోవుటకై ఆల్ప్స్ పర్వతముల పటమును ఒడిలో పరచుకొని, మోటారు సైకిలుపై దాటదగిన కనుమల నొక్కొక్కటిగ నోటుపుస్తకమున పెన్సిలుతో ఎక్కించితిని. ప్రయాణము కూడని కనుమనాడు కనుమల జాబితా సిద్ధమైనది. దీపములు పెట్టు వేళకు లెక్క చూచుకొనగా 14 కనుమలు, 10 దినములు, ఇంచుమించు 3,000 కిలోమీటర్లు తేలినవి. మ్యూనిక్ నగరమున సాఫ్ట్‌వేర్ కొలువు చేయుచు పండుగకు వచ్చిన మా బావమరిది నా భుజముమీదుగ తొంగిచూచి, "బాగుంది బావా, ఇంకో రెండు కలుపుకోవచ్చు" అనెను. నాకును అట్లే తోచెను. అది జనవరి మాట. ఇప్పుడా పుటలో కొట్టివేయక మిగిలినవి ఎనిమిది.

ఈ ఆరింటిని కొట్టివేయుటకు పట్టిన కాలములో పదవవంతు కూడ ఆ 14ను వ్రాయుటకు పట్టలేదు. దూరపు కొండలు నునుపందురు. పటముమీది కొండలు అంతకంటెను నునుపు. వ్రేలు జరిగినంత హాయిగ చక్రము జరుగదు. మైదానపు రాజమార్గమున గంటకు 100 కిలోమీటర్లు పోగల బండి, కొండదారిలో గంటకు 40 పోయినచో దినము కలిసివచ్చినట్లే. ఆ లెక్కన, భోజనమునకును, పెట్రోలునకును, ఊరక నిలిచి లోయలోనికి చూచుటకును వ్యవధి యుంచుకొన్నచో, దినమునకు 200 కిలోమీటర్లకు మించి వ్రాసుకొన్నవాడు తన్ను తాను మోసగించుకొన్నవాడే.

మోసపోయిన అనుభవము నాకున్నది. ఏడేండ్ల క్రిందట మొదటిసారి ఆ ప్రాంతమునకు పోయినపుడు, జూన్ మాసము వేసవియే గదా యన్న ధీమాతో మొదటివారమునకే టిక్కెట్లు కొంటిని. మన వేసవికిని ఆ కొండల వేసవికిని చుట్టరికము లేదు. స్విట్జర్లాండులో రియాల్ప్ అను చిన్న యూరి పొలిమేరను, ఫుర్కా కనుమకు పోవు త్రోవకు అడ్డముగ ఒక దూలము దింపియున్నది. పైన ఎక్కడనో మంచును కోయుచున్న యంత్రపు రొద సన్నగ వినవచ్చుచున్నది. సుమారు 2,430 మీటర్ల ఎత్తున నున్న ఆ కనుమనుండి రోన్ హిమానీనదమును కన్నులార చూడవలెనని ఏడు సముద్రములు దాటి వచ్చినవాడను, బండిని రైలుపెట్టె మీదికెక్కించి, దానిప్రక్కన హెల్మెట్ ఒడిలో పెట్టుకొని, 1982లో తెరచిన 15 కిలోమీటర్ల సొరంగములో, కటిక చీకటిలో, ఆ కొండ క్రిందుగ ఆవలికి చేరితిని. తప్పు మంచుది కాదు, మంచు తన వేళకు కరుగుచునే యున్నది.

ఇట్టి సమయములలో నాకు ఏనుగుల వీరాస్వామయ్యగారు జ్ఞప్తికి వత్తురు. మద్రాసు సుప్రీముకోర్టులో ఉద్యోగము చేసిన ఆయన, 1830 మే మాసమున సుమారు నూరుమంది పరివారముతో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరులో మరలివచ్చి, 'కాశీయాత్ర చరిత్ర'ను మనకు మిగిల్చినారు. ఆ గ్రంథమున క్షేత్రమాహాత్మ్యములు ఉన్నవి, నిజమే. కాని నన్ను ఆకట్టుకొన్నది, మజిలీ మజిలీకి ఎంత దూరము, త్రోవ ఇసుకయా రేగడియా, నీళ్ళు దొరకునా, అంగళ్ళు గలవా అని ఆయన విసుగు లేక వ్రాసుకొన్న వైనము. తాను దాటివచ్చిన యేటిని వెనుక వచ్చువాడును దాటవలసి యుండునని యెఱిగిన మనిషి అట్లు వ్రాయును. నా నోటుపుస్తకపు కుడి పుటలో త్రోవయు, ఎడమ పుటలో ఈ జాతి వివరములును వ్రాసికొను అలవాటు ఆయననుండి పట్టుబడినదే.

ఎడమ పుటలో మొదట వ్రాసినది కాలము. పెద్ద కనుమలలో పెక్కింటిని మే చివరనో జూన్‌లోనో తెరచి, అక్టోబరు నవంబరులలో మూసివేయుదురు. జూలై ఆగస్టులలో మధ్యాహ్నము తిరుగునప్పటికి ఉరుములతో వానలు కురియును. ఆగస్టు 15 ఇటలీలో పెద్దపండుగ గనుక ఆ పక్షమంతయు త్రోవలన్నియు తిరునాళ్ళే. కావున సెప్టెంబరు మొదటి పక్షమును ఖాయము చేసితిమి. అయినను వేసవి తుదిలో ఒకనాడు స్టెల్వియో కనుమను మోటారు వాహనములకు మూసి, సైకిళ్ళు త్రొక్కువారికే విడిచిపెట్టుదురు. ఆ తేదీని ఎఱ్ఱసిరాతో వ్రాసి చుట్టును గీత గీసితిని. ఒకసారి దూలము ముందు నిలిచినది చాలును.

రెండవది చలి. ఎత్తు 1,000 మీటర్లు పెరిగినచో గాలి ఇంచుమించు ఆరున్నర డిగ్రీలు చల్లబడును. ఇటలీలోని ప్రాడ్ అను ఊరు 900 మీటర్లకు కొంచెము పైన నున్నది. స్టెల్వియో శిఖరస్థానము 2,757 మీటర్లు. నడుమ దూరము పాతిక కిలోమీటర్లే. ప్రాడ్‌లో 28 డిగ్రీల యెండలో చొక్కా గుండీ విప్పుకొని టీ త్రాగినవాడు, గంట తిరుగకముందే 16 డిగ్రీల గాలిలో, అదియును ఎదురుగాలిలో ఉండును. భాద్రపదమున బయలుదేరి గంటలో పుష్యమాసమునకు చేరుట వంటిదిది. కనుక ఉన్నిబట్ట సంచి అడుగున గాక, పైననే ఉండవలెను. ఇంజనుకును పలుచని గాలి గిట్టదు. వేయి మీటర్లకు పదవవంతు బలము తగ్గును.

ఆ స్టెల్వియో బాట 1820–25 సంవత్సరముల నడుమ, ఆస్ట్రియా సామ్రాజ్యము తన యేలుబడిలోని లొంబార్డీ సీమతో రాకపోకలకై, కార్లో దొనెగాని అను ఇంజనీరుచే వేయించినది. గుఱ్ఱపుబండ్ల కాలపు బాట యగుటచే వాలు మితముగ నుంచి, ఆ మితమును మలుపులతో సాధించినారు. ప్రాడ్ వైపున 48 మలుపులు. దేని సంఖ్య దానికి వ్రాయించియున్నారు. ఈ మలుపుల విషయముననే నాకొక చిక్కు గలదు.

మనము ఎడమవైపున నడపుదుము. మన ఘాటుదారులలో ఎడమమలుపు కొండను ఒరసికొని బిగువుగ తిరుగును, కుడిమలుపు వెడల్పుగ తిరుగును. ముప్పది యేండ్లుగ నా మెడయు, మోకాళ్ళును, మణికట్లును నేర్చినది ఆ విద్యయే. ఆల్ప్స్ సీమలలో నడక కుడివైపున. అక్కడ బిగువైనది కుడిమలుపు. పైగా తిరుమల కొండకు ఎక్కుదారి వేరు, దిగుదారి వేరు గనుక మలుపులో కొంచెము జరిగినను ఎదురువచ్చు బండి లేదు. ఆ కొండలలో ఒకే బాటను ఎక్కువారును దిగువారును పంచుకొందురు. మలుపులో అలవాటు చొప్పున అవతలి ప్రక్కకు జారినచో, ఎదుట బస్సు.

ఈ విద్యను పుస్తకము చదివి మార్చుకొనలేము. మన రోడ్లమీద కుడివైపున నడపి సాధన చేయుదమన్న పోలీసులు ఊరుకొనరు, యముడును ఊరుకొనడు. కనుక మూడు నెలలుగ ప్రతి ఆదివారము తెల్లవారుజామున మా వీధి బడి ఆటస్థలములో పది అడుగులు కొలిచి, ముగ్గుపిండితో సున్న చుట్టి, దానిచుట్టు కుడివైపుగ తిరుగుచున్నాను. మొదటి గేరు, క్లచ్చి సగము పట్టి సగము విడువవలెను, కుడిపాదము వెనుక బ్రేకుమీద ఆనీ ఆననట్లుండవలెను, గడ్డము కుడిభుజమును తాకునంతగ తల త్రిప్పి, పోవలసిన చోటనే చూపు నిలుపవలెను. ముందుచక్రము ముగ్గును త్రొక్కుచున్నదా యని ఒక్క లిప్త క్రిందికి చూచితినా, బండి చూపు వెంటనే క్రిందికి వచ్చును. మూడవ ఆదివారము అట్లే వచ్చినది. దానిక్రింద నుండి కాలు లాగుకొనుచున్న నన్ను చూచి బడి కాపలాదారు, "దెబ్బేం తగల్లేదు కదా సార్? పోయిన వారంకన్నా నయమే, ముగ్గు సగమే చెరిగింది" అనెను. మా ఇంటావిడ సంగతి వేరు. "వాకిట్లో వెయ్యడానికి డబ్బాలో పిండి మిగలట్లేదు. కొనితెచ్చుకుంటే మీది మీరు వేరే తెచ్చుకోండి" అన్నది. తెచ్చుకొంటిని.

కాగితముల మాట క్లుప్తముగ చెప్పెదను. రవాణాశాఖ కార్యాలయమున ఇచ్చు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఒక యేడాదికే చెల్లును. తొందరపడి ముందే తీసికొనిన నష్టమే. షెంగెన్ వీసాకు కనీసము 30,000 యూరోల వైద్యబీమా చూపవలెను. స్విట్జర్లాండు రాజమార్గములపై నడచుటకు 40 ఫ్రాంకుల చీటీ కొనవలెను. నాలుగు దినములకైనను యేడాదిచీటీయే. ఆస్ట్రియాలోని గ్రాస్‌గ్లాక్నర్ దారికి సుంకము వేరు. 1935లో తెరచిన ఆ 48 కిలోమీటర్ల దారికి 36 మలుపులు. ఇచ్చుకొన్న సుంకమునకు చింతింపనక్కరలేదు.

ఇక కొట్టివేతలు. ఫ్రాన్సులోని మూడు కనుమలను మొదట కొట్టివేసితిని. వానిలో బోనెట్ నాకు మిక్కిలి ప్రియమైనది, కారణము సిగ్గుమాలినది: అక్కడ బాట 2,802 మీటర్లకు చేరును, అంత ఎత్తునకు పోయితినని చెప్పుకొనవచ్చును. తరువాత తెలిసినదేమన, అసలు కనుమ 2,715 మీటర్లే, 2,764 మీటర్ల ఇజెరాన్ కంటె తక్కువ. శిఖరముచుట్టు ప్రదక్షిణముగ మరొక చుట్టు వేసి ఆ పెద్ద అంకెను సంపాదించినారు. కొండలకు లేని డంబము మనుష్యులకేల? గావియాయు ఆల్బులాయు దినము చాలక పోయినవి. మ్యూనిక్‌కు మరలు త్రోవలోని కనుమను కొట్టివేసినది మాత్రము మా బావమరిది బండియే. ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతమున, రాయిట్టె జిల్లాలోని కొన్ని కొండదారులలో, పత్రమునందు వ్రాసిన నిలుకడ శబ్దము 95 డెసిబెళ్ళు మించిన మోటారు సైకిళ్ళను 2020నుండి వేసవి మాసములలో రానీయరు. వాని పత్రములో 97 ఉన్నది. "రెండే కదా బావా" అనెను. ఆ లోయ ప్రజలకు ఆ రెండు డెసిబెళ్ళు ఎంతటివో వాని అపార్ట్‌మెంటు క్రింద తెల్లవారుజామున ఎవరైన బండి రేపినపుడు తెలియును.

నెయ్యిసీసా కూడ జాబితానుండి పోయినది. ఐరోపా సమాఖ్యలోనికి బయటి దేశములనుండి పాలపదార్థములు వెంట తీసికొని పోరాదు. కందిపొడిని నూనెతో తినవలసియున్నది.

స్విట్జర్లాండు కొండలలో పసుపుపచ్చని పోస్టుబస్సులు తిరుగును. గ్రుడ్డిమలుపులలో అవి ఊదు మూడు స్వరములు రొస్సీనీ 'విలియమ్ టెల్' నాటకమునకు కట్టిన సంగీతమునుండి తీసినవి. తపాలాకొమ్ము గుర్తుగల బాటలపై ఆ బస్సు డ్రైవరు మాటయే శాసనము. వెనుకకు తగ్గుమన్న తగ్గవలసినదే. ఆ స్వరములను సెల్‌ఫోనులో పదేపదే వినుచున్నాను. చెవి గుర్తించిన వెంటనే చేయి బ్రేకుమీదికి పోవలెనని నా కోరిక.

ఆండర్మాట్ అను ఊరిలో మూడు రాత్రులు బస. ఫుర్కా, గ్రిమ్సెల్, సుస్టెన్ కనుమలను 120 కిలోమీటర్ల చుట్టుగ ఒక్కదినమున చూచిరావచ్చును. మరుసటి దినపు గడిని ఖాళీగ విడిచితిని; వాన వచ్చినచో మొదటి దినమే అందులోనికి జరుగును. దగ్గరలోనే గొట్టార్డ్ కనుమ, దాని దక్షిణపువాలున రాళ్ళు పరచిన పాత ట్రెమొలా బాట ఉన్నవి గనుక ఆ గడిలో దానిని వ్రాయుమని మా బావమరిది వారమున కొకసారి ఫోను చేయుచున్నాడు. తడిసిన రాళ్ళమీద కుడిమలుపులు నాకింకను పట్టుబడలేదని చెప్పలేక, చూతములే యనుచున్నాను. ఆ గడి ఇంకను ఖాళీగనే యున్నది.