ఎర్ర గీత పచ్చబడే దాకా

ఎర్రమంజిల్ మెట్రో నుంచి అమీర్‌పేట వైపు సందుల్లో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాళ్ల ఓపిక చూస్తే నాకు ఎంతో గౌరవం. మంగళసూత్రం కట్టే షాటు కరిగి తలంబ్రాల్లోకి జారే ఒక్క సెకనులో 25 ఫ్రేములుంటాయి. ఫోర్‌కే వీడియోలో ఫ్రేముకు సుమారు 83 లక్షల చుక్కలు. రెండు బొమ్మల చుక్కల్నీ కలిపి, 40 మిల్లీసెకన్లకో కొత్త బొమ్మ తయారవ్వాలి. మామూలు కంప్యూటరు తడబడుతుంది, తలంబ్రాలు గాల్లోనే ఆగిపోతాయి. చెయ్యి తిరిగిన ఎడిటరు కంగారుపడడు. బరువైన క్లిప్పులకు ముందే తేలికపాటి నకళ్లు, అంటే ప్రాక్సీలు, చేసిపెట్టుకుంటాడు. ప్రివ్యూ రిజల్యూషన్‌ను పావుకు దించుతాడు. చివరి వీడియోకు దానివల్ల నష్టమేమీ లేదు. అప్పటికీ కుదుపుంటే, ప్రీమియర్ సాఫ్ట్‌వేర్ టైమ్‌లైన్ మీద, రెండర్ చెయ్యాలని చెప్పే ఎర్ర గీత ఉన్న ముక్క వరకే ఇన్, అవుట్ గుర్తులు పెట్టి ఎంటర్ నొక్కుతాడు. గీత పచ్చబడ్డాక ఆడించి చూసి, గట్టిమేళం దెబ్బకు సరిపోయేలా ఆ కరిగే మార్పును, అంటే డిజాల్వ్‌ను, రెండు ఫ్రేములు జరుపుతాడు. జరిపితే మళ్లీ ఎరుపు, మళ్లీ ఎంటర్. ఆ రెండు ఫ్రేముల పట్టింపే నాకు అన్నిటికన్నా ముచ్చట. పెన్‌డ్రైవ్ అందుకున్న పెళ్లివారు ఇవేవీ అడగరు. తలంబ్రాల దగ్గర వెనక్కి తిప్పి, ఇంటికొచ్చిన చుట్టాలందరికీ మళ్లీ చూపిస్తారు.