గుడ్డ మీద గీత, జింకు మీద గీత

బొమ్మలోని గీత బాగుందంటే ఒడుపంటాం, లయంటాం, చెయ్యి తిరిగిందంటాం. పొగడ్తంతా మనిషికే పోతుంది. నాకైతే ముందు ఆ మనిషి చేతిలో ఏముందో చూడాలనిపిస్తుంది. గీత లావూ సన్నమూ, దాని ధీమా, దాని తడబాటు, వీటిలో సగం పనిముట్టు పెట్టే షరతులే.

శ్రీకాళహస్తి కలంకారీనే తీసుకోండి. అక్కడ కలమంటే కొస చెక్కిన వెదురుపుల్ల. కొసకు కాస్త పైన ఉన్నినో గుడ్డపీలికలనో ఉండలా చుట్టి దారంతో బిగిస్తారు. ముంచగానే రంగును ఆ ఉండ పీల్చుకుంటుంది. గీస్తూ వేళ్లతో దాన్ని నొక్కుతుంటే రంగు పుల్ల వెంట జారి కొసకు చేరుతుంది. అంటే గీత లావు కొస పదునులో ఎంతుందో, నొక్కే వేళ్లలోనూ అంతే ఉంది. ఏమరుపాటున ఓ పిసరు ఎక్కువ నొక్కితే అమ్మవారి కనుబొమ్మ కాస్తా మీసమైపోతుంది.

ఇక ఆ నలుపు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానేసి పులియబెడతారు. ఆ నీళ్లను మామూలు గుడ్డ మీద పెడితే అంత నలుపు రాదు. కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముందే తడిపి ఆరేసిన గుడ్డ కావాలి. కరక్కాయ వగరుకు ఇనుము తగిలిన చోట నలుపు పుడుతుంది. పాలు ఆ రంగును పక్కలకు పాకనివ్వవు. ఈ రెండూ కుదిరితేనే గీత అంచు తేటగా నిలుస్తుంది. ముందుగా చింతబొగ్గుతో వేసుకున్న గుర్తులు దులిపితే పోతాయి, నలుపు మాత్రం పడిందంటే పడిందే. భుజం నుంచి మోచేతి దాకా గీత వెనక్కి చూడకుండా దిగడానికి కారణం అదే. కలం మళ్లీ ముంచి అందుకున్న చోట ఒక్కోసారి చిన్న ముద్ద తేలుతుంది. నాకా ముద్దలంటే మహా ఇష్టం.

ఎచింగ్‌లో ఇంత గండం లేదు. రేకు మీది మైనం పూతను సూదితో గీకితే చాలు, లోహాన్ని తినే పని యాసిడ్‌ది. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, అచ్చులో అంత నలుపు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మా గౌడ్ తన మేకలనూ పల్లె మనుషులనూ సన్నటి గీతల అల్లికతో అంత దట్టంగా నింపగలిగారంటే, సూదికి అడ్డూ ఆపూ లేకపోవడమూ ఒక కారణమే.

బాపు (1933–2014) సంగతి వేరు. ఆయన బొమ్మలు తొలిరోజుల్లో అచ్చయిన పత్రికలు లెటర్‌ప్రెస్ కాలానివి. బొమ్మకు జింకుతో లైన్ బ్లాకు చేయించాలి. దానికి తెలిసింది నలుపూ తెలుపూ, అంతే. బూడిద ఛాయలు కావాలంటే చుక్కల హాఫ్‌టోన్ బ్లాకు. చవక కాగితం మీద ఆ చుక్కలు అలుక్కుపోయేవి. కాబట్టి వెలుగూ నీడా ఒంపూ బరువూ అన్నీ గీతే మోయాలి. బాపు అమ్మాయిల జడ చూడండి, ఒకటే నలుపు ముద్ద. ఆ నలుపు పక్కన చెంపకూ మెడకూ ఎంత సన్నని గీతైనా సరిపోతుంది. ఆ పొదుపును మనం ప్రతిభ అంటాం. ప్రతిభే, కాదనను. కానీ దాన్ని అంత చిక్కగా పిండిన పుణ్యంలో జింకు బ్లాకుకూ వాటా ఉంది.

ఇప్పుడు టాబ్లెట్ మీద గీసే పిల్లలకు తప్పు దిద్దుకునే మీట ఉంది. అందులో నాకేం పేచీ లేదు, చింతబొగ్గు చేసేదీ అదే. నాకు గిట్టనిది గీతను దానంతటదే నునుపు చేసే సెట్టింగ్. చెయ్యి వణికితే వణుకు కనపడనివ్వదు, తొందరపడితే తొందరా కనపడనివ్వదు. పదిమంది గీసినా ఒకే గీత వస్తుంది.

చీరల కొట్లలోనూ ఇదే తంటా. స్క్రీన్ ప్రింట్ వేసిన చీరను 'పెన్ కలంకారీ' అని అంటగడుతుంటారు. కొనేముందు పల్లూ పరిచి, ఒకే రకం నెమళ్లు రెండు వెతికి పక్కపక్కన పెట్టి చూడండి. ముక్కు వంపు, మెడ దగ్గర గీత సన్నబడే చోటు, కంటి చుక్క రెండింటిలోనూ అచ్చుగుద్దినట్టుంటే దాన్ని కలం తాకలేదు. చేత్తో గీసినదైతే రెండో నెమలి మెడ ఎంతో కొంత లావో, పొట్టో అయి తీరుతుంది. ధర గురించి బేరం ఆ తర్వాత ఆడొచ్చు.