గొట్టింగెన్ సెమినార్ విద్య

జర్మనీలోని గొట్టింగెన్ విశ్వవిద్యాలయం గురించి రాసేవాళ్లు సాధారణంగా పేర్లతో మొదలుపెడతారు. గాస్, రీమాన్, హిల్బర్ట్, ఎమ్మీ నోథర్, మాక్స్ బోర్న్... ఆ వరుస చదువుతుంటే ఆ ఊరి నీళ్లలోనే ఏదో మహిమ ఉందనిపిస్తుంది. తెలివైనవాళ్లు ఏ దేశంలోనైనా పుడతారు. వాళ్లు ఒకచోట చేరి, తమకంటే చిన్నవాళ్లను తమతో సమానంగా వాదించేలా తయారుచేసి, ఆ పని తరతరాలుగా సాగాలంటే మాత్రం ఒక పద్ధతి కావాలి. గొట్టింగెన్‌లో ఆ పద్ధతి సెమినార్. విద్యార్థి ఒక సమస్య తీసుకుని దానిమీద సొంతంగా పనిచేస్తాడు. తోటివాళ్ల ముందు, గురువు ముందు నిలబడి చెబుతాడు. వాళ్లు అడిగినదానికి జవాబిస్తాడు. పరీక్షలో అప్పజెప్పడానికి నోట్సు రాసుకునే చదువుకూ దీనికీ చాలా దూరం. గొట్టింగెన్ గొప్పదనానికి అక్కడి మహానుభావులకన్నా ఈ పద్ధతే ముందు కారణమని నా వాదన.

పునాది పడ్డ తీరులోనే ఇది కనిపిస్తుంది. బ్రిటన్ రాజూ హానోవర్ పాలకుడూ అయిన రెండవ జార్జ్ నెలకొల్పిన ఈ విశ్వవిద్యాలయంలో 1734లో పాఠాలు మొదలయ్యాయి. లాంఛనంగా ప్రారంభోత్సవం 1737లో జరిగింది. వెనకుండి నడిపించింది హానోవర్ మంత్రి మ్యూన్‌హౌజెన్. మిగతా శాఖల బోధన మీద, రచనల మీద కత్తెర వేసే అధికారాన్ని మతశాస్త్ర శాఖకు ఇవ్వకపోవడం ఆ కాలానికి పెద్ద సాహసం. గ్రంథాలయం విషయంలో చూపిన శ్రద్ధ కూడా అంత గొప్పదే. రాజుల సేకరణల్లా అపురూపమైన ప్రతుల్ని దాచిపెట్టడానికి బదులు, కొత్తగా వచ్చే పుస్తకాలను క్రమం తప్పకుండా కొన్నారు, విద్యార్థులకు ఇంటికిచ్చారు. పుస్తకాలను సమీక్షించడానికే 1739లో ఒక పత్రిక మొదలైంది, అది ఈనాటికీ వస్తోంది. అదే గ్రంథాలయానికి తొలి అధిపతి అయిన గెస్నర్ 1738లో ప్రాచీన భాషల సెమినార్ పెట్టారు. బడులకు మంచి ఉపాధ్యాయుల్ని తయారుచేయడం దాని మొదటి లక్ష్యం. ఆయన తర్వాత దాన్ని చేపట్టిన హైనె చేతుల్లో అది గ్రీకు, లాటిన్ గ్రంథాలను పరిశోధకుడి కళ్లతో చదివే చోటుగా మారింది. 1810లో బెర్లిన్ విశ్వవిద్యాలయం స్థాపించి ఆధునిక ఉన్నత విద్యకు ఆద్యుడిగా పేరుపొందిన విల్‌హెల్మ్ ఫన్ హుంబోల్ట్ కూడా అంతకు ముందు ఇక్కడ చదువుకున్నవాడే. బెర్లిన్‌కు దక్కిన కీర్తిలో గొట్టింగెన్‌కు రావాల్సిన వాటా చాలా ఉంది.

పద్ధతి ఎలా పనిచేస్తుందో దగ్గరనుంచి చూడాలంటే ఫెలిక్స్ క్లైన్ సెమినార్ పుస్తకాలను చూడాలి. 1886లో గొట్టింగెన్‌కు వచ్చిన ఈ గణిత శాస్త్రవేత్త, తాను అంతకుముందు పనిచేసిన ఊళ్లలో మొదలుపెట్టిన ఒక నియమాన్ని ఇక్కడా కొనసాగించారు. సెమినార్‌లో మాట్లాడిన ప్రతివారూ తాము చెప్పిందాన్ని తర్వాత తమ చేతిరాతతోనే ఒక పెద్ద పుస్తకంలో ఎక్కించాలి. 1872 నుంచి 1912 దాకా అలా 29 సంపుటాలు, 8 వేలకు పైగా పుటలు పోగయ్యాయి. ఇవాళ్టికీ అవి గొట్టింగెన్‌లో భద్రంగా ఉన్నాయి. నోటితో చెప్పేటప్పుడు దాటేసిన మెట్టు కాగితం మీద దాగదు. వచ్చే ఏడు ఆ విషయమే ఎత్తుకునే విద్యార్థి దాన్ని చదువుతాడని రాసేవాడికి తెలుసు. అంటే ఇరవై రెండేళ్ల కుర్రవాడికి కూడా తన తర్వాతివాడి పట్ల బాధ్యత పడుతుంది. పక్కనే గణిత పఠన మందిరం ఉండేది. పుస్తకాలు అరలమీదే ఉంటాయి, అడిగి తెప్పించుకోవాల్సిన పనిలేదు. ప్రొఫెసర్ల ఉపన్యాసాల శుద్ధప్రతులు కూడా అక్కడే ఉండేవి. హిల్బర్ట్ ఉపన్యాసాలను అలా శుద్ధంగా రాసే పని కొంతకాలం మాక్స్ బోర్న్ చేశారు. ఇతరుల ఆలోచనను తు.చ. తప్పకుండా రాయడం తన ఆలోచనకు పదును పెట్టుకునే దారుల్లో ఒకటి.

ఇదంతా సరే, గాస్ లాంటివాడు లేకపోతే ఏ పద్ధతి ఏం చేస్తుందని అడగవచ్చు. గాస్ జీవితమే దీనికి జవాబు. 1807 నుంచి 1855లో కన్నుమూసేదాకా ఆయన గొట్టింగెన్‌లోనే ఉన్నారు. పాఠాలు చెప్పడం ఆయనకు ఇష్టం లేని పని. శిష్యులు లేకపోలేదు, రీమాన్, డెడెకిండ్ ఆయన దగ్గరివాళ్లే. అయినా ప్రపంచం నలుమూలలనుంచి గణిత విద్యార్థులు గొట్టింగెన్‌కు కట్టకట్టుకుని వచ్చింది గాస్ కాలంలో కాదు, క్లైన్ పద్ధతి పెట్టి, 1895లో హిల్బర్ట్‌ను తీసుకొచ్చాక. ఎమ్మీ నోథర్ చుట్టూ చేరిన యువకుల్లో ఒకరైన వాన్ డెర్ వార్డెన్, ఆమె ఉపన్యాసాలను, మరో గణితజ్ఞుడు ఆర్టిన్ ఉపన్యాసాలను ఆధారం చేసుకుని రాసిన ఆధునిక బీజగణిత గ్రంథం బీజగణితాన్ని ప్రపంచమంతా నేర్పే తీరునే మార్చింది.

రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. తలుపులు అందరికీ తెరుచుకోలేదు. 1787లో డొరోతియా ష్లోట్సర్‌కు డాక్టరేట్ ఇచ్చినా, ఆ వేడుక జరిగే మందిరంలోకి ఆమెను రానివ్వలేదు. నోథర్‌ను 1915లో క్లైన్, హిల్బర్ట్ పిలిపించుకున్నారు. ప్రొఫెసర్ కాదలచుకున్నవారు పీహెచ్‌డీ తర్వాత దాటవలసిన హాబిలిటేషన్ అనే గడప దగ్గర, స్త్రీ అన్న కారణంతో 1919 దాకా ఆమెను ఆపేశారు. ఆ నాలుగేళ్లూ ఆమె పాఠాలు హిల్బర్ట్ పేరుతో ప్రకటించేవారు. ఇది అన్యాయమే, దీన్ని సమర్థించే మాట ఒక్కటీ నా దగ్గర లేదు. ఒక్క సంగతి మాత్రం గమనించాలి. నోథర్‌కు అడ్డుపడింది ముఖ్యంగా ఆమె పని ఏమిటో తెలియని ఇతర శాఖలవాళ్లు. సెమినార్‌లో ఆమె మాట విన్నవాళ్లు ఆమె పక్షాన నిలిచారు. క్లైన్ సెమినార్‌లో కూర్చున్న ఇంగ్లిషు యువతి గ్రేస్ చిషమ్ 1895లోనే డాక్టరేట్ సంపాదించింది. మాటను మాటతోనే తూచే అలవాటు ఉన్నచోట పక్షపాతానికి చోటు తగ్గుతుంది.

మరి 1933 సంగతేమిటి? ఏప్రిల్‌లో యూదులను ప్రభుత్వ కొలువులనుంచి తొలగించే నాజీల చట్టం రాగానే బోర్న్, గణితజ్ఞుడు కూరాంట్, నోథర్ పదవులు పోయాయి. నోబెల్ గ్రహీత జేమ్స్ ఫ్రాంక్ నిరసనగా రాజీనామా చేస్తే, సాటి అధ్యాపకులు 42 మంది ఆయన్నే తప్పుబడుతూ ప్రకటన ఇచ్చారు. నవంబరులో గణిత ప్రొఫెసర్ లాండావ్ పాఠాన్ని విద్యార్థులే బహిష్కరించారు. దానికి ముందు నిలిచినవాడు మామూలు విద్యార్థి కాదు, ప్రతిభగల గణితజ్ఞుడు టైష్‌ముల్లర్. సెమినార్ విద్య అతనికి నిగ్రహం నేర్పలేదని ఒప్పుకోవాల్సిందే. తర్కం పదునెక్కినంత మాత్రాన ధైర్యం, దయ వాటంతటవే రావు. 1837లో హానోవర్ రాజు రాజ్యాంగాన్ని రద్దు చేసినప్పుడు గ్రిమ్ సోదరులతో సహా ఏడుగురు ప్రొఫెసర్లు ఎదురు నిలిచి కొలువులు పోగొట్టుకున్నారు; ఆ వారసత్వం కూడా ఆ గడ్డదే, 1933లో అది పెద్దగా పనికిరాలేదు. అయితే ఆ ఏడాది జరిగింది నా వాదనను ఇంకో వైపునుంచి బలపరుస్తోంది. రాక్‌ఫెల్లర్ సంస్థ డబ్బుతో 1929లో కట్టిన గణిత సంస్థ భవనం చెక్కుచెదరలేదు. పుస్తకాలూ అలాగే ఉన్నాయి. స్వేచ్ఛగా ప్రశ్నించుకునే మనుషులు వెళ్లిపోయారు, గొట్టింగెన్ గణిత వైభవం ఆగిపోయింది. వెళ్లినవాళ్లు పద్ధతిని వెంట తీసుకెళ్లారు. కూరాంట్ న్యూయార్క్‌లో మరో సంస్థను నిలబెట్టారు. బోర్న్ ఎడిన్‌బరోకు చేరేముందు సి.వి. రామన్ పిలుపుమీద కొన్ని నెలలు బెంగళూరులో పనిచేశారు. ఉద్యోగం పోయిన నోథర్, దేశం వదిలేలోగా తన ఇంట్లోనే విద్యార్థులను కూర్చోబెట్టి పాఠం నడిపించారు.

వేలమంది చదివే ఈ రోజుల్లో పదిమంది కూర్చుని వాదించుకునే చదువు సాధ్యమా అన్న సందేహం మిగులుతుంది. ఖర్చు ఎక్కువే, అధ్యాపకుల సమయం ఎక్కువే. కానీ గొట్టింగెన్‌లో ఇప్పుడు 20 వేలకు పైగా విద్యార్థులున్నా సెమినార్ పోలేదు; పెద్ద ఉపన్యాసాలు ఒకవైపు, చిన్న సెమినార్లు మరోవైపు నడుస్తున్నాయి. అది ప్రజల పన్నులతో నడిచే విశ్వవిద్యాలయం. లోయర్ సాక్సనీ రాష్ట్రం 2014లో ట్యూషన్ ఫీజు ఎత్తేసింది కూడా. ఫీజు లేదన్న మాటకే మన తెలుగు పిల్లలు ఎంతోమంది జర్మనీ దారి పడుతున్నారు. వాళ్లకూ, పంపే తల్లిదండ్రులకూ నా విన్నపం ఒకటే. కోర్సు ఎంచుకునేటప్పుడు ర్యాంకుతోపాటు సెమినార్లు ఎన్ని ఉన్నాయో చూడండి. అక్కడికి చేరాక మీ వంతు కోసం ఎదురుచూడకుండా, మొదటి సెమిస్టర్‌లోనే ఒక అంశం అడిగి తీసుకుని మాట్లాడండి.