అనుకథల్లో పాత్రల వర్గీకరణ: ఏది మార్చవచ్చు, ఏది మార్చకూడదు

ఒకరు చెప్పిన కథలోని పాత్రలను తీసుకుని మరొకరు కొత్త కథ అల్లటాన్ని ఇంగ్లీషులో ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. ఈ వ్యాసంలో అలాంటి కథను 'అనుకథ' అనీ, దానికి ఆధారమైన కథను 'మూలకథ' అనీ అంటాను. పేరు కొత్తదే గాని పని పాతది. 10వ శతాబ్దంలో ధనంజయుడు దశరూపకంలో ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడుగా విభజించాడు. 16వ శతాబ్దంలో రామరాజభూషణుడు వసుచరిత్ర అవతారికలో ఈ మూడింటినీ రత్నాలతో పోల్చాడు. కేవలం కల్పించిన కథ కృత్రిమ రత్నం. పాతకథ గనిలో పుట్టిన రత్నం. పాతకథకు మంచి కవి కల్పన తోడైతే అది సానపట్టిన జాతిరత్నం. మన అనుకథ ఈ మూడోదాని కోవలోకి వస్తుంది. అయితే సాన ఎంత పట్టాలి, ఎక్కడ ఆపాలి అన్న ప్రశ్న మిగిలే ఉంది. ఈ వ్యాసంలో పరిశీలించదలచింది ఆ ప్రశ్ననే.

తెలుగు రాష్ట్రాలకు వెలుపల తెలుగు చదివే విద్యార్థులకు ఇది పుస్తకాల్లో ఉండిపోయే ప్రశ్న కాదు. సోలాపూర్ శివార్లలోని కుంభారినే తీసుకుందాం. 2006లో ఇక్కడ బీడీ కార్మిక స్త్రీల కోసం గోదూతాయి పరుళేకర్ పేరిట 10,000 ఇళ్ల కాలనీ ఏర్పడింది. 2024 జనవరిలో ఇదే కుంభారిలో రేనగర్ పేరిట మరో 15,000 ఇళ్లను నేతపనివారికి, బీడీ కార్మికులకు, ఇతర అసంఘటిత కార్మికులకు అప్పగించారు. సోలాపూర్ నేతపనివారిలో తెలంగాణ నుంచి తరాల కిందట వచ్చిన పద్మశాలీలు చాలామంది. వీరి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఇంట్లో వాళ్లు విన్న శశిరేఖే మరాఠీలో వత్సల. ఆ పిల్లల్లో ఒకరు శశిరేఖను తీసుకుని తెలుగులో ఒక కథ రాశారనుకుందాం. ఉపాధ్యాయుడి ఎర్రసిరా ముందుగా దేనిమీద పడుతుంది? భాష మీద. 'శశిరేఖ ఇలా మాట్లాడదు' అంటాం. అలా అనటానికి మనకున్న ఆధారం ఏమిటి? పాత్ర ఏ రకానిదో తేలితే గాని దీనికి జవాబు చెప్పలేం.

ఇప్పటికే ఉన్న వర్గీకరణలు ఇక్కడ ఎంతవరకు పనికివస్తాయో ముందు చూద్దాం. మన అలంకారికులు నాయకులను ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు అని విభజించారు. ఇది స్వభావాన్ని బట్టి చేసిన విభజన. 1928లో రష్యన్ పండితుడు వ్లదిమీర్ ప్రాప్ జానపద కథల్లోని పాత్రలను వాళ్లు చేసే పనిని బట్టి ఏడు రకాలన్నాడు. ఆ లెక్కన 'మాయాబజార్'లో అభిమన్యుడు నాయకుడు, ఘటోత్కచుడు సహాయకుడు, శశిరేఖ రాకుమారి. తప్పేమీ లేదు. కాని ఘటోత్కచుడు భారతం నుంచి వచ్చాడనీ, శశిరేఖ రాలేదనీ ఈ పట్టిక చెప్పదు. అనుకథను అనుకథగా నిలబెట్టే తేడా అందులో జారిపోతోంది.

అమెరికాలో 'స్టార్ ట్రెక్' టెలివిజన్ ధారావాహిక అభిమానులు సొంత పత్రికలు పెట్టుకుని కథలు రాసుకున్నారు. 1973లో పౌలా స్మిత్ అనే రచయిత్రి ఆ కథల మీద ఒక చిన్న వ్యంగ్యరచన చేసింది. అందులో మేరీ సూ అనే పదిహేనున్నరేళ్ల అమ్మాయి నౌకాదళంలో అందరికన్నా చిన్న లెఫ్టినెంటు. ఆమెకు రాని విద్య లేదు, ఆమెను మెచ్చని అధికారి లేడు. అప్పటినుంచి సర్వగుణసంపన్నంగా కల్పించిన కొత్త పాత్రనల్లా 'మేరీ సూ' అనటం అలవాటైంది. ఇది వర్గీకరణ కన్నా తిట్టుగానే ఎక్కువ చలామణి అయింది. గుణాలు ఎక్కువ కావటమే దోషమైతే మన ప్రబంధ నాయికల్లో ఎవరూ మిగలరు. మేరీ సూ కథలోని అసలు దోషం వేరే ఉంది. ఆమె కోసం మిగతా పాత్రలన్నీ తమ స్వభావం మార్చుకుంటాయి.

దీన్ని బట్టి నా ప్రతిపాదన ఇది. అనుకథలో పాత్ర ఎలాంటిది అని కాక, మూలకథతో దానికి ఏ ముడి ఉంది అని అడగాలి. మార్చగలిగినవన్నీ మార్చిన తరువాత కూడా ఏది మిగిలితే ఆ పాత్రను గుర్తుపడతామో అదే ఆ ముడి. రచయిత మార్చకూడనిది అదొక్కటే. ఈ దృష్టితో చూస్తే తెలుగులో అయిదు రకాలు కనిపిస్తున్నాయి.

మొదటిది యథాతథ పాత్ర. మూలంలో ఉన్నవాడు, ఉన్న స్వభావంతోనే కొత్త సంఘటనల్లోకి వస్తాడు. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'మాయాబజార్'లో కృష్ణుడు, బలరాముడు, శకుని ఇలాంటివారు. ఆ కథలో ప్రధానంగా జరిగేవి భారతంలో జరగలేదు. అయినా కృష్ణుడు తెరవెనుక తంత్రం నడుపుతూనే ఉంటాడు, బలరాముడు నమ్మి మాటిచ్చి చిక్కుకుంటూనే ఉంటాడు. ఇక్కడి ముడి స్వభావం. రూపం కూడా ముడి కాదనటానికి ఇదే చిత్రంలో చక్కని నిదర్శనం ఉంది. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉన్నప్పుడు తెరమీద కనిపించేది సావిత్రి. ప్రేక్షకుడు చూస్తున్నది మాత్రం ఘటోత్కచుణ్ణే. నడకలో, చూపులో, దర్పంలో మగవాడి తీరు ఉంటే చాలు, ముఖం ఎవరిదైనా పాత్ర పోలేదు.

రెండోది నోరు వచ్చిన పాత్ర. మూలంలో ఉండి కూడా మాట్లాడే అవకాశం దక్కనివారు వీరు. వాల్మీకి రామాయణంలో ఊర్మిళ పెళ్లి జరుగుతుంది. తరువాత ఆమెకు మాట లేదు. మన స్త్రీల పాట 'ఊర్మిళాదేవి నిద్ర' ఆ ఖాళీలో పుట్టింది. పద్నాలుగేళ్లు నిద్రపోయిన ఊర్మిళ, తిరిగివచ్చిన లక్ష్మణుణ్ణి పోల్చుకోలేక పరాయివాడనుకుని మందలిస్తుంది. పాట కట్టినవారు ఊర్మిళను అడవికి పంపలేదు, లక్ష్మణుణ్ణి అయోధ్యలో ఆపలేదు. మూలం ఎక్కడ ఊరుకుందో అక్కడే మాట్లాడారు. ఇక్కడి ముడి ఆ ఖాళీ హద్దు. హద్దుకు లోపల ఎంత కల్పించినా చెల్లుతుంది.

మూడోది చేర్పు పాత్ర. మూలంలో లేనివారు. వ్యాసభారతంలో గాని కవిత్రయ భారతంలో గాని శశిరేఖ లేదు, అభిమన్యుడి భార్య ఉత్తర. అయినా శశిరేఖను చేరుస్తే తెలుగువాడికి ఎక్కడా తడబాటు కలగదు. కారణం ఆమె చుట్టరికం. సుభద్ర అన్న బలరాముడు, ఆయన కూతురు శశిరేఖ. అభిమన్యుడికి ఆమె మేనమామ కూతురు. తెలుగులో తండ్రి అక్కచెల్లెళ్లను, భర్త తల్లిని అత్త అన్న ఒకే మాటతో పిలుస్తాం. మరాఠీలో ఆత్యా వేరు, సాసూ వేరు. సుభద్రను శశిరేఖ 'అత్త' అనగానే సగం కథ ఆ మాటలోనే ఉంది. మేరీ సూ ఉద్యోగం పట్టుకుని కథలోకి వచ్చింది, శశిరేఖ చుట్టరికం పట్టుకుని వచ్చింది. తెలుగు అనుకథల్లో కొత్తవారికి ద్వారం సాధారణంగా ఇదే. 1921లో కొల్హాపూర్‌లో బాబూరావ్ పేంటర్ తీసిన మూకీ చిత్రం పేరు 'సురేఖా హరణ్'. శశిరేఖ, వత్సల, సురేఖ అని పేర్లు మూడున్నా బలరాముడి కూతురు ఒక్కతే. పేరు ముడి కాదు, బంధుత్వం ముడి. శశిరేఖ పెళ్లి కోసం కథలో అందరూ పరుగులు పెట్టినా ఎవరూ తమ స్వభావం వదులుకోలేదు. ఆమెను మేరీ సూ అనలేకపోవటానికి కారణం అదే.

నాలుగోది వలస పాత్ర. తన కథను, కాలాన్ని వదిలి మన కాలంలోకి వచ్చేవారు. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1909లో గురజాడ తిరగరాసి అచ్చువేసిన 'కన్యాశుల్కం' నుంచి గిరీశం, మధురవాణి ఇలా ఎన్నోసార్లు బయటికి వచ్చారు. ముళ్లపూడి వెంకటరమణ గిరీశం చేత సినిమాల మీద లెక్చర్లిప్పించారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ మధురవాణి చేత ఇంటర్వ్యూలు చేయించారు. అగ్రహారం, పెళ్లి, కోర్టు అన్నీ వెనకనే ఉండిపోయాయి. వెంట వచ్చింది పలుకుబడి ఒక్కటే. ఇంగ్లీషు ముక్కలు కలిపి ఎదుటివాడి నోరు మూయించే గిరీశం వాక్యం వినగానే పోల్చుకుంటాం. భాషాశాస్త్రంలో ఒక వ్యక్తికే ప్రత్యేకమైన భాషారూపాన్ని వ్యక్తిభాష అంటాం. వ్యక్తిభాష ఉన్న పాత్రే వలస పోయి బతుకుతుంది. ధీరోదాత్త నాయకులు ఎందరో ఉన్నా వాళ్లలో లెక్చర్లివ్వటానికి ఒక్కరూ రాకపోవటానికి ఇదే కారణమని నా అభిప్రాయం.

అయిదోది పునర్విచారణ పాత్ర. మూలం ఇచ్చిన తీర్పును తిరగదోడటానికి తెచ్చుకునే పాత్ర ఇది. త్రిపురనేని రామస్వామిచౌదరి 1920లో 'శంబుకవధ' రాశారు. ఓల్గా 'విముక్త' కథల్లో సీత శూర్పణఖను కలుసుకుంటుంది. ఆ సంపుటికి 2015లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. శంబుకుడి వధ ఆ నాటకంలో వధగానే ఉంది. శూర్పణఖకు జరిగిన అంగవైకల్యం ఆ కథలో తుడిచిపెట్టుకుపోలేదు. మారింది ఆ పని ఎవరి మేలు కోసం జరిగింది, దాని తరువాత ఆ మనిషి ఏమైంది అన్న విచారణ. ఇక్కడి ముడి జరిగిన చర్య. చర్యనే చెరిపేస్తే విచారించటానికి ఏమీ మిగలదు, వాదమే ఓడిపోతుంది.

ఈ గీతలు ఒకదాన్నొకటి దాటవా అని ఎవరైనా అడగవచ్చు. దాటుతాయి. 'విముక్త'లో సీతను కలుసుకునే వారిలో ఊర్మిళ కూడా ఉంది. అక్కడ ఆమె రెండో రకమూ అవుతుంది, అయిదో రకమూ అవుతుంది. అలాంటప్పుడు రెండు ముడులూ నిలపవలసి ఉంటుంది. ఇది వర్గీకరణలో లోపం కాదు. ఆ కథ రాయటం ఎందుకు కష్టమో అది చెబుతోంది.

ఇప్పుడు కుంభారి విద్యార్థి కథకు తిరిగి వద్దాం. ఆ కథలో శశిరేఖ తల్లి పక్కన కూర్చుని తునికాకు కత్తిరిస్తోంది. తండ్రి మాటిచ్చిన సంబంధం ఆమెకు ఇష్టం లేదు. మరాఠీ నుంచి వచ్చిన పగారు, సుట్టి లాంటి మాటలు కలిసిన సోలాపూర్ తెలుగులో చిన్నాన్నతో మొరపెట్టుకుంటోంది. ఆ మాటలను కొట్టెయ్యాలా? అక్కర్లేదు. శశిరేఖ చేర్పు పాత్ర. ఆమె ముడి బంధుత్వం. వ్యక్తిభాష ఆమెకు మూలం ఇవ్వలేదు. సినిమాలో ఆమె మాటలు పింగళి నాగేంద్రరావు రాసినవి, వత్సల అయినప్పుడు ఆమె మరాఠీలోనే మాట్లాడింది. ఇన్ని భాషలు మాట్లాడిన మనిషి కుంభారి తెలుగు మాట్లాడితే తప్పు పట్టే అధికారం మనకు లేదు. అదే కథలో అభిమన్యుడు మేనత్త కొడుకు కాక ఎవరో పక్కింటి కుర్రాడైతే మాత్రం ఎర్రసిరా వాడవలసిందే. అప్పుడు ఆమె శశిరేఖ అన్న పేరున్న మరో అమ్మాయి. ఆమె ఒక్క మాట అనగానే బలరాముడు కోపం, పట్టుదల మరిచి మెత్తబడినా అంతే. అక్కడ మేరీ సూ ప్రవేశించింది.

ఆ విద్యార్థే గిరీశాన్ని కుంభారికి తెచ్చాడనుకుందాం. తీర్పు తారుమారవుతుంది. గిరీశానికి ఇక్కడ బంధువులెవరూ అక్కర్లేదు, పలుకుబడి మాత్రం చెడకూడదు. కావాలంటే ఇంగ్లీషుతో పాటు మరాఠీ ముక్కలు కూడా కలిపి డంబాలు కొట్టవచ్చు. తెలియని భాషను తెలిసినట్టు వాడి ఎదుటివాణ్ణి లొంగదీసుకోవటం ఆ పలుకుబడి లక్షణమే. వినయంగా, పొందికగా మాట్లాడితే మాత్రం వాడు గిరీశం కాడు. భాష శుద్ధంగా ఉందా లేదా అన్నది రెండు కథల్లోనూ కొలత కాలేదని గమనించండి. ఒకచోట చుట్టరికం కొలత, ఒకచోట వ్యక్తిభాష కొలత. మన తెలుగు తక్కువ రకందన్న సంకోచంతో కలం ముడిచిన విద్యార్థులు ఈ తేడా ముందుగా తెలుసుకోవాలి.

నేతవారి ఇళ్లలో పుట్టినవారికి మరో కథ దగ్గరగా ఉంది. మార్కండేయుడి వంశంలో భావనారుషి పుట్టాడనీ, తామరతూళ్ల నారతో దేవతలకు బట్టలు నేశాడనీ, సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడాడనీ పద్మశాలీలు చెప్పుకుంటారు. తెలంగాణలో కూనపులివారు పటం చూపుతూ ఈ కథ చెబుతారు. పురాణాల్లోని మార్కండేయుడికి వంశాన్ని పొడిగించి ఒక వృత్తి తనకు చుట్టరికం కలుపుకుంది. శశిరేఖ విషయంలో చూసిన పద్ధతే ఇది. వినేవారికి ఇది భక్తితో వినే పురాణం. నేను పోల్చింది నిర్మాణాన్ని మాత్రమే.

విద్యార్థులు అభ్యాసానికి ఈ కథనే తీసుకోవచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి వాళ్లకు తెలిసినట్టుగా కథ చెప్పించుకోండి. ఆ మగ్గానికి పడుగు ఎవరు పట్టారో, కండెలు ఎవరు చుట్టారో అడగండి. జవాబు ఉంటే రాసుకోండి, మీ హద్దు అదే. జవాబు లేకపోతే కండె చుట్టే మనిషి చోటు ఖాళీగా ఉందన్నమాట. ఆ మనిషి భావనారుషికి ఏమవుతుందో ముందు నిర్ణయించుకుని, ఆ తరువాత మీ ఇంట్లో మాట్లాడే తెలుగులోనే ఆమె చేత మాట్లాడించండి.