ఫుల్ టిల్ట్: అతిథి చూపు

ఐర్లండుకు చెందిన డెర్వ్లా మర్ఫీకి పదో పుట్టినరోజున సైకిలు, అట్లాసు కానుకలుగా వచ్చాయి. కొద్ది రోజులకే ఇండియాకు సైకిలు మీద వెళ్లాలనుకున్నారు. మంచం పట్టిన తల్లికి సేవ చేస్తూ ముప్పై ఏళ్లు వచ్చేదాకా ఆగారు. 1963 జనవరిలో ఒంటరిగా బయలుదేరారు. ఆ యాత్రా దినచర్యే 1965లో వెలువడిన 'ఫుల్ టిల్ట్'.

తోడేళ్లు, పిస్తోలు ఉన్న పుటలు మీకు వెంటనే నచ్చుతాయి. నాకు మాత్రం అఫ్గానిస్తాన్ భాగమే ముఖ్యం. అక్కడ ఆమె పక్కటెముకలు విరిగింది సైకిలు మీద కాదు, బస్సులో, గొడవ మధ్య తుపాకీ మడమ తగిలి! అయినా ఆ దేశం మీద ప్రేమ తగ్గలేదు. ఒంటరిగా సైకిలు మీద వెళ్లేవారికి రాత్రి తలదాచుకునే చోటు చాలాసార్లు ఎదుటివారి దయ. అందుకే ఆమెది పర్యాటకురాలి చూపు కాదు, అతిథి చూపు.

చిక్కు కూడా అక్కడే ఉంది. అతిథి ఇంటివారిని మెచ్చుకోవడం సహజం. ఆధునికత వస్తే ఆ జీవితం చెడిపోతుందని మర్ఫీ బెంగపడతారు. కొత్త రోడ్డును ఆస్పత్రికి దారిగా చూసే తల్లి అక్కడ ఉండదా? చదివేటప్పుడు ఇంటివారు స్వయంగా చెప్పిన మాటలను, వారి తరఫున రచయిత్రి అనుకున్నవాటిని పెన్సిలుతో వేరువేరుగా గుర్తుపెట్టండి.